పాత మేస్త్రీలు ఏడ వోయిన్రు?

చిరాగ్‌పల్లి దగ్గర హైవే పక్కన లేస్తున్న బస్వరాజ్ కాంప్లెక్సులో, నడుమెత్తు గోడకు, ఇటుక వరస వంకర పోకుండా కట్టే దారం ఇంకా అట్లాగే ఉంది. ఈ మూల ఒక మొల, ఆ మూల ఒక మొల, మధ్యన తెల్లటి నైలాన్ దారం బిగుతుగా. దాన్ని చూడగానే పాండు చేతిలోని తాపీని మళ్లీ సంచిలో పెట్టేశాడు.

"ఇది ఈరయ్య మామ కట్టిన దారం," అన్నాడు.

వెనకే వస్తున్న అతని భార్య కృప నెత్తి మీది ఇసుక తట్టను దించి రెండు చేతులా నడుము పట్టుకుంది. చీర మీదుగా నడుముకు వెడల్పాటి పట్టీ ఉంది. బరువులు మోయొద్దని దవాఖానలో డాక్టరమ్మ చెప్పింది. మోయకుండా ఎట్లా బతకాలో మాత్రం చెప్పలేదు, ఆమెకు కూడా తెలియదు పాపం.

"అయితే ఏంది ఇప్పుడు?" అంది కృప.

ఏందంటే, పొద్దున్నే పని కోసం కూలీలు నిలబడే జహీరాబాద్ అడ్డా మీద ఒక కట్టుబాటుంది. ఎవరూ ఎక్కడా రాసిపెట్టలేదు గానీ కూలికొచ్చిన ప్రతి మనిషికీ తెలుసు. ఒక మేస్త్రి కట్టిన దారాన్ని ఇంకో మేస్త్రి విప్పడు. యజమానికి కోపమొచ్చి పని మధ్యలో మనిషిని మార్చినా సరే, కొత్తవాడు పోయి పాతవాణ్ణి అడగాలి. పాతవాడు వచ్చి తన చేత్తో విప్పి చుట్టుకుంటాడు, లేదా "ఇప్పుకో పో" అని నోటితో అంటాడు. ఆ తర్వాతే కొత్త ఇటుక పడుతుంది. ఈ మాట తప్పిన మేస్త్రికి అడ్డా మీద తట్ట అందించే మనిషి దొరకడు.

కారు వచ్చి ఆగింది. బస్వరాజ్ దిగాడు. తెల్ల చొక్కా, మెడలో పార్టీ కండువా, చెవి దగ్గర ఫోను. పట్టణంలో ఆయన మాటకు బరువుంది. ఆ బరువు ఎంతో ఆయనకే ఎక్కువ తెలుసు.

"ఏందిర పాండు, గింత పొద్దెక్కింది, ఇంక సిమెంటు మాలు కలుపలే?"

"ఈరయ్య మామను ఒక్క మాట అడిగొస్త పటేలా. రేపటికెల్లి పని షురు జేస్త."

"వాణ్ణి నేనే ఎల్లగొట్టిన. వాణ్ణి అడిగేదేంది?"

వెళ్లగొట్టిన సంగతి పాండుకు తెలుసు. పోయిన వారం ఈరయ్య చెల్లెలు అనంతమ్మ ఇటుకలు అందిస్తూ, నిలబడ్డ చెక్క పలక జారి పడింది. మణికట్టు విరిగింది. ఈరయ్య పని ఆపి, గుంపునంతా తీసుకుని ఆమెను దవాఖానకు తోలుకపోయాడు. తనను అడగకుండా పని ఆపినందుకు, మర్నాడు గేటు దగ్గరే బస్వరాజ్ వాళ్లను నిలబెట్టి వెనక్కి పంపాడు. చెయ్యి విరిగినామె ఎట్లా ఉందని ఒక్క మాట అడగలేదు.

"మా రివాజు గంతే పటేలా," అన్నాడు పాండు.

బస్వరాజ్ నవ్వాడు. నవ్వుతూనే గోడ దగ్గరికి నడిచి, కారు తాళంచెవి పళ్లతో దారాన్ని రుద్దాడు. రెండు మూడు రుద్దులకు అది టప్పున తెగి రెండు దిక్కులా చుట్టుకుపోయింది.

"ఇగో. దారం లేదు, పంచాయితీ లేదు. కట్టుండ్రి."

మాలు కలపడానికి వంగిన ఆడవాళ్లు వంగినట్లే ఆగిపోయారు. ఒకామె "అయ్యో" అని నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. పాండు ముఖం జేవురించింది. గొంతు మాత్రం లేవలేదు.

"దారం తెంపినవ్ గాని పటేలా, అడిగే మాట ఎట్ల తెంపుతవ్? నేనైతే అడిగే కడుత."

"ఓహో! విమానం ఎక్కకముందే కండ్లు నెత్తికెక్కినయ్‌ర నీకు." బస్వరాజ్ వేలు చూపించాడు. "సర్కారు మీకు ఇజ్రాయెల్ల నౌకరిచ్చి పంపుతున్నది. ఆ సర్కారుకు ఈడ మనిషిని నేను. గురువారం ఫంక్షన్ హాల్ల మీటింగున్నది, టికెట్లు గాడనే ఇస్తం. నువ్వు రెండు ముచ్చట్లు మాట్లాడాలె. నేను చెప్పినయి యాదికున్నయా?"

"ఉన్నయ్."

"చెప్పు."

పాండు బడిపిల్లాడిలా అప్పజెప్పాడు. "మన దేశం దోస్తు వెంట నిలబడ్డది. మా చేతులతోటి దోస్తు దేశాన్ని నిలబెడుతం. సర్కారుకు శనార్తులు."

"శాబాష్. గిది యాదికుంటే చాలు. మిగిలిన రివాజులన్ని మర్చిపో."

ఆ సాయంత్రమే పాండు కోహీర్ పోయాడు. జామతోటల పక్క సందులో ఈరయ్య ఇల్లు. ముసలి మేస్త్రి గడప మీద కూర్చుని, పని లేక తుప్పు పడుతున్న తాపీని ఇటుక ముక్కతో రుద్దుతున్నాడు. పక్కన మంచం మీద అనంతమ్మ, మెడకు వేలాడే గుడ్డలో తెల్ల కట్టు కట్టిన చెయ్యి.

దారం తెగిన సంగతి విని ఈరయ్య రుద్దడం ఆపాడు.

"తాళంచెవితోటా?"

"ఔ మామా."

"థూ!" ఈరయ్య పక్కకు ఉమ్మాడు. మళ్లీ తాపీ అందుకున్నాడు. "ఏం జేస్తం. నువ్వడగొచ్చినవ్, నాకు గంతే చాలు. కట్టుకో పో. నలుగురు కూలోళ్లు ఎందుకు పస్తుండాలె? కానీ కింది రెండు వరసలు జర చూసుకో. సిమెంటు తక్కువేయించిండు వాడు."

పాండు గుండె తేలికైంది. లేచి నిలబడ్డాడు. అనంతమ్మ ఊరికే ఉండే మనిషి కాదు. కట్టు చేతిని ఒళ్లో సర్దుకుంటూ, "నువ్వు విమానం ఎక్కుతున్నవటగా కొడుకా?" అంది.

"ఔ పెద్దమ్మా, సోమారం. టైల్సు పని. పట్నంల పరీచ్ఛ పెట్టిన్రు. ఆ దేశపు సార్లే వచ్చి నిలబడి చూసిన్రు. నేను గోడ జేస్తే ఒక్కడు గూడ వంక పెట్టలే."

"నీ చెయ్యి గసుంటిది. మరి గా దేశంల మేస్త్రీలు లేరా? మిమ్ముల ఎందుకు తీస్కపోతున్నరు?"

"ఉండె. పక్కల గాజా అనీ, ఇంకేందో అనీ, గా దిక్కులకెల్లి పొద్దున వచ్చి పనిజేసి పొద్దుగూకి పోయేటోళ్లట. లడాయి అయినంక వాళ్లను రానిస్తలేరు."

"అందరు లడాయి జేసిన్రా?"

"అందరెట్ల జేస్తరు పెద్దమ్మా? మొదాలు గాజాకెల్లి కొందరు ఇజ్రాయెలోళ్ల మీద వడి మస్తు మందిని సంపిన్రట. గది తప్పే. మల్ల వీళ్లు..." పాండు జేబులోని ఫోను తడుముకున్నాడు. ఫోనులో అందరూ చూస్తున్నదే.

"మరి గా పాత మేస్త్రీలు ఏడ వోయిన్రు ఇప్పుడు?"

పాండు చెప్పుల్లో కాళ్లు దూర్చాడు. అనంతమ్మ నిలదీయడానికి అడగలేదు. తెలుసుకుందామనే అడిగింది. అందుకే జవాబు లేకపోవడం అతనికి మరీ బరువుగా తోచింది.

"ఈడ నా గోడకు అడగనీకి బస్సెక్కి వచ్చినవ్," అన్నాడు ఈరయ్య తాపీ వైపే చూస్తూ. "ఆడి మేస్త్రీల గోడకు ఎవల్ని అడుగుతవ్‌ర?"

బస్సులో కిటికీ పక్కన కూర్చున్నా పాండుకు గాలి తగిలినట్లు లేదు. ముసలోడికి కుళ్లు అనుకుని చూశాడు. ఈరయ్య కుళ్లే మనిషి కాదు. ఆ మాట తనకే నచ్చలేదు, మళ్లీ అనుకోలేదు.

మర్నాడు చిరాగ్‌పల్లిలో పని మొదలుపెట్టారు. ఈరయ్య చెప్పినట్లే కింది వరసలో మాలు వేలితో గీకితే ఇసుకై రాలింది. ఆ రెండు వరసలూ విప్పించి మళ్లీ కట్టాడు. కృప తట్టలు మోసింది. పైకి అందించే ప్రతిసారీ కింది పెదవిని పళ్లతో పట్టుకుంది. పాండు చూడనట్లు నటించాడు, ఆమె నొప్పి లేనట్లు నటించింది. వీళ్ల కాపురంలో ఈ నాటకం చాలా కాలంగా నడుస్తోంది. సోమవారంతో దానికి తెర పడుతుందని ఇద్దరూ ఎదురుచూస్తున్నారు. అతను అక్కడికి పోతే ఆమె ఇక్కడ తట్ట దించొచ్చు. వాళ్లకు కావలసింది అదొక్కటే.

ఆ సాయంత్రం ఇంటి ముందు కాళ్లు కడుక్కుంటుండగా పాండు నోరు జారాడు.

"అనంతమ్మ పెద్దమ్మ ఒక మాట అడిగింది."

విషయమంతా విని కృప చెంబు కింద పెట్టింది. పెట్టడమేమిటి, కొట్టింది.

"నీకేమన్న పిచ్చా? అడ్డా మీది రివాజు విమానమెక్కుతదా? చిరాగ్‌పల్లి దాటితే ఎవనికి ఎరుక నీ దారం?"

"వద్దంటున్ననా? అడిగిందంటున్న."

"అడుగుతది. ఆమెకేం పోయింది? యేసయ్య పుట్టిన దేశానికి పోతున్నవని చర్చిల అందరి ముంగట నిలబెట్టి పాస్టరయ్య ప్రార్థన జేసిండు. ఆడి మట్టి జరంత తెమ్మన్నడు. మా అక్క చెల్లెండ్లకు ఫోన్లు జేసి చెప్పిన." కృప నడుము పట్టుకుంది. "ఇంకెన్నేండ్లు మోయాలె నేను? పండుకుంటే లేవస్తలేదు, లేస్తే వంగస్తలేదు. నీకు కనిపిస్తలేదా?"

"కనిపిస్తుంది."

"కనిపిస్తే పో. నోరు మూసుకుని పో."

పాండు నోరు మూసుకున్నాడు. అన్నం తిన్నాక గోడకానుకుని ఫోను చూస్తూ కూర్చున్నాడు. పోబోయే ఊరు ఎట్లా ఉంటుందో చూద్దామని మొదలుపెడితే వేలు వేరే దిక్కుకు పోయింది. గాజాలో కూలిన ఇండ్లు. వరుసగా అవే. మేస్త్రి కండ్లు కదా, ముందు మనుషుల మీదికి పోలేదు. స్లాబులు ఎట్లా కుంగాయో, చువ్వలు ఎట్లా వంగాయో చూశాడు. ఒక దగ్గర వీడియో ఆపాడు.

మూడంతస్తుల ఇల్లు నిలువునా చీలింది. రెండో అంతస్తులో సగం వంటగది అలాగే గాలిలో నిలబడి ఉంది. గోడకు టైల్స్. తెల్లటి టైల్స్, మధ్యలో ఒక వరుస నీలం. నల్లా గొట్టం వచ్చే చోట టైలును గుండ్రంగా కోసి కూర్చారు. అంచు ఎక్కడా పగల్లేదు. సందులు సమానంగా ఉన్నాయి. అట్లా కోయాలంటే చెయ్యి వణకకూడదు, పని మీద ప్రేమ ఉండాలి. ఈ చేతిని అతను ఎన్నడూ చూడలేదు, కానీ గుర్తుపట్టాడు. పరీక్షలో తను చేసిన పని అట్లాంటిదే.

ఆ గోడ కింద ఎవరో ఒకామె రాళ్లు ఎత్తి పక్కకు వేస్తోంది. ఇటుక తరువాత ఇటుక. ఎవర్నో పిలుస్తోంది. భాష తెలియకపోయినా పేరు పెట్టి పిలుస్తోందని తెలుస్తోంది.

"కృపా, ఇటు చూడు."

ఆమె రానంది. తరువాత వచ్చింది. మోకాళ్ల మీద కూర్చోలేక నిలబడే, నడుము మీద చెయ్యి పెట్టుకుని చూసింది. రాళ్లెత్తే మనిషిని చాలాసేపు చూసింది.

"ఒక్కతే ఎత్తుతుందేంది? పట్టుకునేటోళ్లు లేరా?" అంది. తరువాత ఫోను లాక్కుని బోర్లా పెట్టింది. "చూడకు. పండుకో."

గురువారం ఫంక్షన్ హాలు నిండిపోయింది. వేదిక వెనక రెండు దేశాల జెండాలు వేసిన పెద్ద ఫ్లెక్సీ, అంతకంటే పెద్దగా బస్వరాజ్ ఫోటో. ఎంపికైనవాళ్లను ముందు వరసలో కూర్చోబెట్టి శాలువాలు కప్పారు. పాండు పక్కన మొగుడంపల్లి నాగప్ప, సెంట్రింగ్ పనివాడు, శాలువా జారకుండా రెండు చేతులా పట్టుకున్నాడు. ఎడమ పక్క ఆడవాళ్ల కుర్చీల్లో కృప తన పెళ్లినాటి పట్టుచీరలో కూర్చుంది. చీర కింద నడుము పట్టీ లావుగా తెలుస్తూనే ఉంది.

పట్నం నుంచి వచ్చిన ఆఫీసరు టికెట్ల కవర్లు బల్ల మీద పేర్చాడు. బస్వరాజ్ మైకు అందుకున్నాడు. ఆయన మాట్లాడితే మైకు అక్కర్లేదు, అయినా అందుకున్నాడు.

"దోస్తు అంటే ఎట్లుండాలె? కష్టమొచ్చినప్పుడు వెంట నిలబడాలె. మన సర్కారు నిలబడ్డది! వాళ్లేం జేసినా, ఎన్నాళ్లు జేసినా, ఎందుకని అడగం! షరతుల్లేవు! గిదీ మన దోస్తానా!"

చప్పట్లు మోగాయి. నాగప్ప కూడా కొట్టాడు. పాండు చేతులు శాలువా కిందనే ఉండిపోయాయి.

"ఇప్పుడు మన పాండు మేస్త్రి రెండు ముచ్చట్లు చెప్తడు."

పాండు మెట్లెక్కాడు. మైకు చల్లగా ఉంది.

"మన దేశం దోస్తు వెంట నిలబడ్డది," అన్నాడు. బస్వరాజ్ తల ఊపాడు. రెండో మాట కోసం హాలంతా ఎదురుచూసింది. రెండో మాట అతనికి బాగా తెలుసు. నాలుక చివరనే ఉంది. కానీ వేరేది వచ్చింది.

"జర ఒకటి అడగాల్నని ఉంది పటేలా. ఏం జేసినా అన్నవ్. ఏం జేసినా అంటే, పోరగాండ్లు సచ్చినా గూడనా?"

చప్పట్లు కొట్టబోయిన ఎవరిదో చెయ్యి మధ్యలో ఆగింది.

"నాకూ దోస్తులున్నరు. తాగొచ్చి పెండ్లాన్ని కొడితే చెయ్యి పట్టుకుంటం. వీపు మీద తట్టి ఇంకో రెండు కొట్టమనం గద. వాళ్ల మీద మొదాలు వడి సంపినోళ్లది తప్పే, కాదంటలేను. దానికి ఇండ్లల్ల ఉన్నోళ్లందరు సావాల్నా? వద్దని మన సర్కారు ఒక్క మాట అన్నదా? అంటే చెప్పుండ్రి, నాకు తెల్వదు." ఆపితే మళ్లీ మొదలుపెట్టలేనని తెలిసి ఆపలేదు. "ఇంకోటి. నేను పోయే పని ముందుగాల జేసిన మేస్త్రీలున్నరు. మస్తు పనోళ్లు, నేను చూసిన. వాళ్లు ఏడ వోయిన్రు? ఉన్నరా, సచ్చిన్రా? వాళ్ల జాగల నన్నెక్కిస్తుంటే, వాళ్లను ఎవలన్న ఒక మాట అడిగిన్రా?"

బస్వరాజ్ రెండంగల్లో వచ్చి మైకు లాక్కున్నాడు.

"ఏయ్! దేశాల సంగతి నీకెందుకుర? గోడలు కట్టేటోనివి గోడలు కట్టుకో! నౌకరిస్తున్న సర్కారునే అడుగుతున్నవా? తిన్నింటి వాసాలు లెక్కవెట్టే బేమాన్!"

"ఇంక తినలే పటేలా," అన్నాడు పాండు. మైకు లేకపోయినా ముందు వరసలకు వినపడింది. వెనక ఎవరో కిసుక్కున నవ్వారు.

ఆఫీసరు తెలివైనవాడు. గొడవ పెరగడం ఆయనకు ఇష్టం లేదు. పాండు పేరున్న కవరు తీసి, దగ్గరికొచ్చి మెల్లగా అన్నాడు. "చూడు బాబూ, నీ పని నేను చూశాను, మంచి పనివాడివి. ఇవన్నీ పెద్ద పెద్ద విషయాలు. నీ వెనక ఎంతోమంది క్యూలో ఉన్నారు. పొరపాటైంది అని ఒక్క మాట చెప్పి ఇది తీసుకో. ఇక్కడితో అయిపోతుంది."

కవరు పాండు చేతికి జానెడు దూరంలో ఉంది. ఎడమ పక్కకు చూశాడు. పట్టుచీరలో కృప. ఆమె ముఖం పాలిపోయి ఉంది, చెయ్యి నడుము మీద ఉంది. అడగాల్సింది అడిగాను, చాలదా? ఆమె ఏం పాపం చేసింది? పొరపాటైందంటే నోరేం అరిగిపోతుంది? అతని కుడిచెయ్యి లేచింది. కవరు వైపు సాగింది. బస్వరాజ్ ముఖంలో నవ్వు మళ్లీ వచ్చి కూర్చుంది.

"ఆగు."

కృప లేచి నిలబడింది. కుర్చీ వీపు పట్టుకుని, సగం లేచాక ఒకసారి ఆగి, మిగతా సగం లేచింది.

"ఆయన అడిగినదానికి జవాబు ఇంక చెప్పలే సారూ."

"కూసో అమ్మా," అన్నారెవరో.

"కూసుంటే మల్ల లేవస్తలేదు నాకు, గందుకే నిలబడే అడుగుత." ఆమె గొంతు సన్నది, కానీ తట్ట అందుకోమని పై అంతస్తుకు కేక వేసే అలవాటున్న గొంతు. "నా మొగుణ్ణి నేనే పొమ్మన్న. నోరు మూసుకుని పొమ్మన్న. నా నడుము కోసం పొమ్మన్న. ఆయన పొరపాటైందనాలంటున్నరు. ఏం పొరపాటైంది? పాత మేస్త్రీలు ఏడున్నరని అడుగుడు పొరపాటా? మొన్న ఒకామె ఇల్లు కూలితే ఒక్కతే రాళ్లెత్తుతుంది. ఆమె నడుము గూడ నడుమే గద. ఆమె ఇల్లు కూల్చెటోనికి మేము ఇల్లు కట్టాల్నా? కట్టాలంటే కడుతం, కూలోళ్లం. ఎందుకో చెప్పుండ్రి."

ఆఫీసరు బస్వరాజ్ వైపు చూశాడు. బస్వరాజ్ ఫ్లెక్సీ వైపు చూశాడు, అక్కడ తన ఫోటో తప్ప ఇంకేం లేదు.

పాండు చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. శాలువా తీసి, మడత పెట్టి, బల్ల మీద కవర్ల పక్కన ఉంచాడు.

"జవాబు దొరికినంక కబురు పంపుండ్రి సార్. అడ్డా మీదనే ఉంట."

"ఎట్ల ఉంటవో నేనూ చూస్త!" బస్వరాజ్ అరిచాడు. "రేపటికెల్లి ఈ జహీరాబాద్ల నీకు ఒక్క ఇటుక పని దొరికితే నా పేరు బస్వరాజే కాదు!"

"చూడు పటేలా. మంచిగ చూడు."

నాగప్ప పేరు పిలిచారు. అతను తల వంచుకుని పోయి కవరు తీసుకున్నాడు. దిగి వస్తూ పాండు పక్కనుంచి పోతున్నప్పుడు, "నాకు ముగ్గురు చిన్నోళ్లున్నరన్నా," అన్నాడు, ఎవరూ అడగకపోయినా. పాండు అతని భుజం నొక్కాడు. కోపం రాలేదు. నాగప్ప మీద రావాల్సిన కోపం కాదది.

బయట హైవే మీద లారీలు దుమ్ము లేపుతూ ముంబై దిక్కు పోతున్నాయి. ఇద్దరూ ఆటో కోసం నిలబడ్డారు. ఎదురుగా వచ్చిన రెండు ఆటోలు ఆగకుండానే పోయాయి. కృప మెల్లగా రోడ్డు పక్క కల్వర్టు గోడకు ఆనుకుంది. పట్టుచీరకు సున్నం అంటుకుంది, దులుపుకోలేదు.

"నొస్తుందా?" అన్నాడు పాండు.

"నొయ్యకేం జేస్తది? పొద్దుగాల్నుంచి కుర్చీల కూసోవెడితిరి."

"నేను తీసుకుంటుంటి కృపా. నువ్వు లేవకపోతే తీసుకుంటుంటి."

"చూసిన." ఆమె అతని ముఖంలోకి చూడలేదు. "నా పేరు మీద తీసుకుంటుంటివి. గది నాకు నచ్చలే. మోసేది నా నడుము. దాన్ని అడ్డం పెట్టుకుని నువ్వు నోరు మూసుకుంటానంటే నేను ఒప్పుకోను."

పాండు కండ్లలో నీళ్లు తిరిగాయి. దుమ్ము పడినట్లు మోచేత్తో తుడుచుకున్నాడు. బస్వరాజ్ బెదిరింపు ఉత్తది కాదని అతనికి తెలుసు. రేపు పొద్దున అడ్డా మీద ఎవరు పిలుస్తారో, ఎవరు ముఖం తిప్పుకుంటారో తెలియదు. ఆమె మళ్లీ తట్ట ఎత్తక తప్పదు.

"వాళ్లు జవాబు చెప్తరంటవా?" అంది కృప.

"చెప్పరు."

"ఉత్తగనే అడిగినట్లా మరి?"

పాండు వెనక్కి తిరిగి చూశాడు. ఫంక్షన్ హాలులోంచి మళ్లీ చప్పట్లు వినిపిస్తున్నాయి, ఇందాకటంత గట్టిగా కాదు. కృప కల్వర్టు గోడ మీద చెయ్యి ఆనించి నడుము నిటారు చేసుకుంది. ఆటో రాలేదని తనే ముందు నడక మొదలుపెట్టింది. పది అడుగులు వేశాక వెనక్కి తిరిగింది.

"మల్ల మీటింగ్ ఎప్పుడో కనుక్కో," అంది. "గీసారి మొదాలు నేనే అడుగుత."